వైద్యరక్షణము - రెండు మార్గములు

ఆరోగ్యమే మహాభాగ్యమని మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. అయితే ఆ భాగ్యము చేజారినప్పుడు దానిని తిరిగి తెచ్చుకొనుటకగు వ్యయమును ఎవరు భరింపవలెనను ప్రశ్నకు లోకము నేటికిని ఒక్క సమాధానము చెప్పలేదు. తిండికి, బట్టకు, ఇంటి అద్దెకు అగు ఖర్చును మనము ముందుగా ఊహించుకొనగలము. ఆదాయమునుబట్టి తగ్గించుకొనగలము కూడ. వ్యాధి అట్టిది కాదు. అది ఎప్పుడు వచ్చునో తెలియదు. వచ్చినచో ఎంత వ్యయమగునో తెలియదు. ఎవరి ఇంటికి వచ్చునో అసలే తెలియదు. పదియేండ్లు కూడబెట్టిన ధనము పదిదినములలో హరించిపోవుటయు, ఇల్లు తాకట్టు పడుటయు, బిడ్డల చదువు నడుమ నిలిచిపోవుటయు మన చుట్టుప్రక్కల చూచుచున్న విషయములే.

ఈ భారము ఒక్క కుటుంబముపైననే పడకుండ పలువురపై పంచుటకు దేశములు ముఖ్యముగా రెండు మార్గములను త్రొక్కినవి. దేశమున నివసించు ప్రతివారికిని ప్రభుత్వమే ప్రజాధనముతో వైద్యము కల్పించుట మొదటి మార్గము. దీనిని సార్వజనిక వైద్యరక్షణ మనవచ్చును. ఉద్యోగమిచ్చిన యజమాని తన ఉద్యోగులకు ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా రక్షణ కల్పించుట రెండవ మార్గము. మొదటిదానికి బ్రిటనును, రెండవదానికి అమెరికా సంయుక్త రాష్ట్రములను ఉదాహరణములుగా గ్రహింతము. ఇవి ఎట్లు పుట్టినవి, ఎట్లు నడచుచున్నవి, వీనినుండి మన గృహస్థులు నేర్చుకొనదగిన దేమి అను విషయములను ఈ వ్యాసమున క్రమముగా విచారింతము.

బీమా యొక్క మూలసూత్రము

ఒక వీధిలో నూరు కుటుంబములు కలవనుకొందము. ఏటేట వానిలో ఒక కుటుంబమునకు లక్ష రూపాయల వైద్యవ్యయము తప్పదనియు, అది ఏ కుటుంబమో ముందుగా తెలియదనియు అనుకొందము. ప్రతి కుటుంబము ఏటికి వేయి రూపాయల చొప్పున ఇచ్చినచో లక్ష సమకూడును. రోగము వచ్చినవారికి ఆ ధనము పోవును. రానివారికి నిశ్చింత మిగులును. లక్ష రూపాయల భయము వేయి రూపాయల ఖర్చుగా మారుటయే బీమా.

కాని ఈ సులభమైన లెక్కలో రెండు చిక్కులు కలవు. చందా కట్టుటను ఎవరి ఇష్టమునకు వారికి వదలినచో ఆరోగ్యవంతులు ‘మాకేల’ యని తప్పుకొందురు. అప్పుడు రోగులు మాత్రమే మిగిలి, చందా పెరుగును. పెరిగినకొలది మరికొందరు తప్పుకొందురు. ఇది మొదటి చిక్కు. చందా వసూలు చేయువాడు లాభము కోరువాడైనచో వృద్ధులను, దీర్ఘరోగులను చేర్చుకొనుటకు వెనుదీయును. అనగా రక్షణ ఎవరికి మిక్కిలి అవసరమో వారికే అది దొరకకపోవును. ఇది రెండవ చిక్కు.

కనుక ఆరోగ్యవంతులను రోగులను, పడుచువారిని వృద్ధులను ఒక్క గుంపుగా పట్టియుంచు త్రాడొకటి కావలెను. బ్రిటనులో ఆ త్రాడు దేశమున నివసించుటయే. అమెరికాలో ఆ త్రాడు చాలమందికి ఉద్యోగము. ఈ రెండు త్రాళ్లలో ఏది ఎప్పుడు తెగును అనుటయే మన విచారణలోని సారము.

బ్రిటను నడచిన దారి

బ్రిటను కూడ మొదట ఉద్యోగపు త్రాడునే పట్టుకొనెనని పలువురికి తెలియదు. జర్మనీలో బిస్మార్కు పరిపాలనకాలమున 1883లో కార్మికుల వ్యాధిబీమా చట్టము పుట్టెను. దానిని పరిశీలించిన బ్రిటిషు ఆర్థికమంత్రి లాయడ్ జార్జి 1911లో జాతీయ బీమా చట్టమును తెచ్చెను. కార్మికుడు వారమునకు నాలుగు పెన్నీలు, యజమాని మూడు, ప్రభుత్వము రెండు పెన్నీలు చెల్లించునట్లు ఏర్పాటు చేసిరి. దానికి ప్రతిఫలముగా కార్మికునకు డాక్టరు సేవయు, జబ్బుపడిన కాలమున కొంత భృతియు లభించెను.

ఇది ఆనాటికి గొప్ప సంస్కారమే. కాని కార్మికుని భార్యకును బిడ్డలకును డాక్టరు సేవ ఈ చట్టమున లేదు. సంపాదించువానికి రక్షణ కలదు. అతని సంపాదనపై ఆధారపడి బ్రదుకువారికి లేదు. తండ్రికి జ్వరము వచ్చినచో డాక్టరు వచ్చును; అదే జ్వరము పసిబిడ్డకు వచ్చినచో రుసుము లెక్క చూచుకొనవలెను. సుమారు మూడున్నర దశాబ్దములు బ్రిటిషు గృహములు ఈ విచిత్రమైన విభజనతో కాలము గడపెను.

రెండవ ప్రపంచయుద్ధము నడుమ, 1942 డిసెంబరులో, విలియం బెవరిడ్జి సమర్పించిన నివేదిక ఈ పద్ధతిని మార్చుటకు దారితీసెను. యుద్ధానంతరము ఏర్పడిన లేబరు ప్రభుత్వమున ఆరోగ్యమంత్రి యైన అన్యూరిన్ బెవాన్ వేల్సు దేశపు బొగ్గుగని కార్మికుని కుమారుడు. బాల్యముననే తానును గనిలో పనిచేసినవాడు. అతని స్వస్థలమైన ట్రెడీగర్ పట్టణమున కార్మికులు తమ వేతనములనుండి కొంత కొంత తీసి ఒక వైద్యసహాయ సంఘమును నడుపుకొనుచుండిరి. దానివలన కార్మికులకే గాక వారి కుటుంబములకును వైద్యము లభించుచుండెను. ఊరికి సాధ్యమైనది దేశమునకేల సాధ్యము కాదన్న తలంపు అతనికి బలము నిచ్చెను.

1946లో చట్టము చేయబడెను. 1948 జూలై 5వ తేదీన జాతీయ ఆరోగ్య సేవ ఆరంభమయ్యెను. డాక్టర్ల సంఘము తొలుత గట్టిగా ఎదిరించెను. ఆసుపత్రులలోని పెద్ద వైద్యులు ప్రైవేటు రోగులను కూడ చూచుకొనవచ్చునని బెవాన్ అంగీకరించుట మొదలగు సర్దుబాటుల పిమ్మట మార్గము సుగమమయ్యెను. అందరికిని వైద్యము, వైద్యము పొందునప్పుడు రుసుము లేకుండుట, చెల్లింపశక్తినిబట్టి గాక అవసరమునుబట్టి చికిత్స, వ్యయము ప్రధానముగా పన్నులనుండి - ఇవి దాని మూలసూత్రములు.

అయితే ఉచితమనగా ఖర్చు లేనిదని భ్రమపడరాదు. ఆరంభముననే కంటి అద్దములకు, కట్టుడు పళ్లకు జనులు విరగబడిరి. అంతకాలము చీకటిలోను, నమలలేకయు ఉన్నవారి అక్కర ఒక్కసారిగా బయటపడెను. అంచనాలు మించిపోయెను. 1951లో వానికి కొంత రుసుము విధింప నిశ్చయింపగా బెవాన్ మంత్రిపదవికి రాజీనామా చేసెను. 1952లో మందులచీటికి ఒక షిల్లింగు రుసుము వచ్చెను. నేటికిని ఇంగ్లండులో మందులకు రుసుము కలదు. పిల్లలకును, అరువది దాటినవారికిని అది లేదు. వేల్సు 2007లోను, ఉత్తర ఐర్లండు 2010లోను, స్కాట్లండు 2011లోను ఆ రుసుమును ఎత్తివేసినవి.

ఈ పద్ధతిలోని పెద్ద లోపము నిరీక్షణము. ప్రాణాపాయమున ఆలస్యము కారాదన్నది నియమము. కాని మోకాలి శస్త్రచికిత్స, కంటి శుక్లము వంటివానికి నెలలతరబడి వేచియుండవలసిన వారనేకులు. ఇంగ్లండులో 2023 సెప్టెంబరునాటికి ఆసుపత్రి చికిత్సలకై వేచియున్న పేర్లు సుమారు 77 లక్షలకు చేరెను. 18 వారములలోపల చికిత్స ఆరంభింపవలెనన్న నియమము పలువుర విషయమున నెరవేరలేదు. ప్రభుత్వము ధనము తగ్గించినచో వరుస పెరుగును. అనగా అచట పేదవాడు బిల్లునకు భయపడడు గాని, వరుసకు భయపడును.

అమెరికా నడచిన దారి

అమెరికా పద్ధతి ఒక పాఠశాల కథతో మొదలగును గనుక మన పత్రికలో దానిని కొంత వివరించుట తగును. 1929లో టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరమందలి బేలర్ ఆసుపత్రి ఆర్థికముగా చిక్కులలో నుండెను. దాని నిర్వహణభారము వహించిన జస్టిన్ కింబాల్ అంతకుపూర్వము ఆ నగర పాఠశాలల అధికారిగా పనిచేసినవాడు. ఉపాధ్యాయులు నెలకు అర్ధ డాలరు చెల్లించినచో ఏడాదికి 21 దినములవరకు ఆసుపత్రి వైద్యము లభించునని ఆయన ఏర్పాటు చేసెను. ఉపాధ్యాయునకు భయము తీరెను. ఆసుపత్రికి క్రమమైన రాబడి కలిగెను. ఆర్థికమాంద్యకాలమున ఇతర ఆసుపత్రులును ఈ దారి పట్టెను. బ్లూ క్రాస్ అను పేర ప్రసిద్ధినొందిన బీమా పద్ధతికి ఇది బీజము.

దీనిని దేశవ్యాప్తము చేసినది యుద్ధము. 1942లో ధరల పెరుగుదలను అరికట్టుటకు ప్రభుత్వము వేతనములను పెంచరాదని కట్టడి చేసెను. పనివారు దొరకుట దుర్లభమైన ఆ కాలమున వారిని ఆకర్షించుటకు యజమానులకు మరొక దారి కావలసివచ్చెను. వైద్యబీమా వేతనమున చేరదని నిర్ణయమైనందున యజమానులు దానిని జీతముతో జతచేసి ఈయసాగిరి. యజమాని కట్టు బీమా ప్రీమియముపై ఉద్యోగి ఆదాయపుపన్ను చెల్లింపనక్కరలేదని 1954 నాటి పన్నుచట్టము స్థిరపరచెను. ఈ విధముగా యుద్ధకాలపు తాత్కాలికోపాయము శాశ్వత వ్యవస్థగా స్థిరపడెను. అధ్యక్షుడు ట్రూమన్ 1945లో దేశమంతటికిని ఒకే ఆరోగ్యబీమా నెలకొల్పవలెనని ప్రతిపాదించెను గాని, వైద్యసంఘము మొదలగువారి వ్యతిరేకతవలన అది సాగలేదు.

ఉద్యోగపు త్రాడు ఎవరికి అందదో కాలక్రమమున తేలెను. ఉద్యోగము విరమించిన వృద్ధులకు అందదు. పనిలేని పేదలకు అందదు. అందుచే 1965లో అధ్యక్షుడు జాన్సన్ కాలమున 65 ఏండ్లు నిండినవారికి మెడికేరు, పేదలకు మెడికెయిడు అను ప్రభుత్వ పథకములు ఏర్పడెను. అయినను పనిచేయు వయసువారికి, వారి పిల్లలకు యజమాని ద్వారా వచ్చు బీమాయే నేటికిని ముఖ్యాధారము. సుమారు 15 కోట్లమంది దానిపై ఆధారపడియున్నారు.

ఈ పద్ధతిలో మేలు లేకపోలేదు. పెద్ద సంస్థల ఉద్యోగులకు నాణ్యమైన చికిత్స త్వరగా లభించును. నూతన యంత్రములు, నూతన ఔషధములు వేగముగా వాడుకలోనికి వచ్చును. ఒక సంస్థలోని వేలకొలది ఉద్యోగులు ఒక గుంపుగా చేరుటవలన రోగియు ఆరోగ్యవంతుడును ఒకే ప్రీమియముతో రక్షణ పొందుదురు. కాని దాని వెల అధికము. 2024లో యజమాని ద్వారా పొందు కుటుంబబీమా ప్రీమియము ఏటికి సగటున 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి స్వయముగా చెల్లించునది 6,296 డాలర్లు. మిగిలినది యజమాని చెల్లించునదే యైనను, అదియు జీతముగా రావలసిన సొమ్ములో భాగమేయని ఆర్థికశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పైగా చికిత్స జరిగినప్పుడు మొదట కొంత మొత్తము రోగియే భరించినగాని బీమా మొదలుకాని పాలసీలు అనేకము.

ఇక ఉద్యోగము పోయినచో ఏమగును? ఇరువదిమందికి తక్కువ కాని ఉద్యోగులున్న సంస్థను వీడినవాడు సాధారణముగా 18 నెలలవరకు అదే బీమాను కొనసాగించుకొనవచ్చునని 1986లో చట్టమయ్యెను. కాని అప్పుడు యజమాని వంతును కూడ అతడే చెల్లింపవలెను. దానిపై నిర్వహణఖర్చునకు నూటికి రెండువంతులు అదనము. జీతము ఆగిన మాసముననే ప్రీమియము నాలుగింతలగుట యనగా గోరుచుట్టుపై రోకటిపోటు. 2020 ఏప్రిలులో కోవిడు మహమ్మారి వలన అమెరికాలో నిరుద్యోగము నూటికి 14కు పైబడెను. రోగము వ్యాపించుచున్న కాలముననే ఉద్యోగములు పోవుటవలన, రోగమునుండి కాపాడవలసిన బీమాయు ఎందరికో సందేహములో పడెను.

2010 నాటి చట్టము కొన్ని లోపములను సవరించెను. అంతకుముందే యున్న వ్యాధిని కారణముగా చూపి బీమాను నిరాకరించుట 2014 నుండి నిషిద్ధమయ్యెను. సంతానము 26 ఏండ్లవరకు తల్లిదండ్రుల బీమాలో నుండవచ్చును. అయినను 2023లో సుమారు రెండుకోట్ల అరువది లక్షలమందికి ఏ బీమాయు లేదు.

మన కుటుంబములనుండి అమెరికాకు ఉద్యోగార్థము వెళ్లిన బిడ్డలు గలవారు ఇచట ఒక విషయము గమనింపవలెను. కుమారుని లేక కుమార్తె సంస్థ ఇచ్చు బీమా సాధారణముగా వారి భార్యాభర్తలకు, బిడ్డలకు వర్తించును గాని, చూచిపోవుటకు వెళ్లు తల్లిదండ్రులకు వర్తింపదు. ప్రయాణమునకు ముందే వేరుగా బీమా తీసికొనవలెను.

రెండింటిని సరిపోల్చి చూచినచో

వ్యయము విషయమున ఒక అపోహ కలదు. ప్రభుత్వము అందరికి ఉచితముగా వైద్యము చేయించుటవలన దేశమునకు అధిక వ్యయమగుననియు, ప్రైవేటు పోటీవలన వ్యయము తగ్గుననియు పలువురు తలతురు. లెక్కలు దానికి విరుద్ధముగ నున్నవి. 2023లో అమెరికా తన మొత్తము జాతీయోత్పత్తిలో నూటికి 17.6 వంతులు ఆరోగ్యముపై వెచ్చించెను. బ్రిటను సుమారు 11 వంతులు వెచ్చించెను. అనేక బీమా కంపెనీలు, వేరువేరు పాలసీలు, ప్రతి చికిత్సకును బిల్లులు, అనుమతులు, వివాదములు - వీని నిర్వహణకే అమెరికాలో పెద్దమొత్తము పోవును. మందుల ధరలును, చికిత్సల ధరలును అచట అధికము. బ్రిటనులో కొనుగోలుదారు ప్రధానముగా ఒక్క ప్రభుత్వమే గనుక ధర తగ్గించి అడుగగలదు.

ఎంపిక విషయమున పెద్ద ఉద్యోగముగల అమెరికనుది పైచేయి. నిరీక్షణ విషయముననుగూడ అంతే. నిశ్చింత విషయమున బ్రిటిషు పౌరునిది పైచేయి. అతడు ఉద్యోగము మారినను, మానినను, చిన్న దుకాణము పెట్టుకొనినను, వృద్ధుడైనను అతని డాక్టరు మారడు. అమెరికాలో కేవలము బీమా పోవునన్న భయముచే ఇష్టములేని ఉద్యోగములనే పట్టుకొని వ్రేలాడువారు కలరు.

ఇచటనే ముఖ్యమైన భేదము కలదు. ఇంటికి నిప్పంటుకొనినంతమాత్రమున యజమాని ఉద్యోగము పోదు. కాని దీర్ఘరోగము మనుష్యుని పనిచేయనీయదు. పని పోయినచో జీతము పోవును. జీతముతో ముడిపడిన రక్షణయు పోవును. ఏ ఆపదకై రక్షణ ఏర్పడినదో ఆ ఆపదయే రక్షణను తెగగొట్టుచున్నది. ఉద్యోగపు త్రాడులోని బలహీనత ఇదియే. నివాసపు త్రాడునకు ఈ బలహీనత లేదు. అయితే దానిని గట్టిగా నుంచుటకు ప్రజలు పన్నులు చెల్లింపవలెను. ప్రభుత్వము ఆ ధనమును సక్రమముగా వినియోగింపవలెను. ఇవి లేనిచో త్రాడు తెగకున్నను సడలిపోవును.

ధనికదేశములకే ఇది సాధ్యమనుటయు సరికాదు. థాయిలాండు 2002లో చట్టము చేసి, ప్రభుత్వోద్యోగులకును, సంస్థల కార్మికులకును ఉన్న పథకములలో చేరని జనులందరికిని వైద్యరక్షణ కల్పించెను. ఆరంభమున ఒక్కొక్కసారికి 30 బాట్లు మాత్రమే రుసుముగా నుండెను. అచట రైతులు, చిల్లర వర్తకులు, ఇంటిపని చేయు స్త్రీలు ఈ పథకము క్రిందికి వచ్చుదురు. సంస్థలో పని పోయిన కార్మికునకు గూడ ఈ వాకిలి తెరచియుండును.

మన దేశము ఎచట నున్నది?

మన దేశము ఈ రెండు మార్గముల నడుమ నడచుచున్నది. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1946లోనే, ధనము చెల్లింపలేడను కారణముచే ఎవనికిని వైద్యము లేకపోరాదని సూచించెను. 1948లో ఉద్యోగుల రాజ్యబీమా చట్టము వచ్చెను. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో ప్రధాని నెహ్రూ ఈ పథకమును ప్రారంభించిరి. దీనినే మనము ఇ.ఎస్.ఐ. యని వ్యవహరించుచున్నాము. ఇది ప్రైవేటు బీమా కాదు. అయినను ఉద్యోగముతో ముడిపడినదే. 2019 జూలైలో యజమాని వంతు వేతనమున నూటికి 3.25, ఉద్యోగి వంతు 0.75 గా నిర్ణయింపబడెను. ఉద్యోగికే గాక భార్యాభర్తలకు, బిడ్డలకు, ఆధారపడిన తల్లిదండ్రులకు కూడ వైద్యము లభించుట దీని గొప్ప గుణము. 1911 నాటి బ్రిటిషు చట్టమునకంటె ఈ విషయమున ఇది మెరుగు.

ఉద్యోగపు త్రాడు తెగిన తీరును చూచుటకు మనము సముద్రములు దాటనక్కరలేదు. కర్ణాటకమున తెలుగు, తమిళ కుటుంబములు తరతరములుగా శ్రమించిన కోలారు బంగారు గనులను తలచుకొందము. 1880 నుండి జాన్ టైలర్ కంపెనీ అచట గనులు నడపెను. 1956లో అవి మైసూరు ప్రభుత్వము చేతికి, తరువాత కేంద్రప్రభుత్వము చేతికి వచ్చెను. ఇల్లు గనులది, నీరు గనులది, ఆసుపత్రి గనులది. కార్మికులు గర్వించుకొనిన ఆసుపత్రి యది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడెను. ఆసుపత్రియు వానితోపాటే మూతబడెను. కాని గనిలోని రాతిధూళివలన ఊపిరితిత్తులకు పట్టు వ్యాధి గని మూతబడినంతమాత్రమున మనుష్యుని విడువదు. పనివలన వచ్చిన రోగము మిగిలినది. పనితో వచ్చిన వైద్యము పోయినది. ఇంతకంటె స్పష్టమైన పాఠము మరి లేదు.

ఉద్యోగమనునది స్పష్టముగా లేనివారి సంగతి మరియు కష్టము. షోలాపురమున ఇంటివద్ద బీడీలు చుట్టు మన తెలుగు స్త్రీలను, మగ్గము నేయువారిని, చిల్లర దుకాణదారులను, ఆటో నడుపువారిని చూడుడు. వీరిలో అనేకులకు గ్రూపుబీమా కట్టు యజమాని యెవడు?

ఈ కొరతను తీర్చుటకే ప్రభుత్వ పథకములు వెలసినవి. ఆంధ్రప్రదేశమున 2007 ఏప్రిలులో ఆరోగ్యశ్రీ మొదలయ్యెను. తమిళనాడున 2009లో అట్టి పథకము ప్రారంభమై, 2012 నుండి ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్యబీమా పథకముగా నడచుచున్నది. ఒడిశాలో బిజు స్వాస్థ్య కల్యాణ యోజన 2018లో వచ్చెను. అదే సంవత్సరము సెప్టెంబరు 23న కేంద్రప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకమును ఆరంభించెను. అర్హతగల కుటుంబమునకు ఏటికి ఐదులక్షల రూపాయలవరకు ఆసుపత్రి చికిత్స దాని హామీ. 2024 అక్టోబరు నుండి 70 ఏండ్లు నిండినవారు ఆదాయముతో నిమిత్తము లేకుండ దానిలో చేరవచ్చును.

ఇవి ప్రధానముగా ఆసుపత్రిలో చేరిన చికిత్సకే గాని, మధుమేహము, రక్తపుపోటు వంటివానికి నెలనెల కొను మందులకు చాలవరకు కావు. అచట తోడ్పడునది ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్యకేంద్రమే. తమిళనాడు ప్రభుత్వము 1994లో మందుల కొనుగోలుకు ఒక ప్రత్యేక సంస్థను స్థాపించి, ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా మందులు దొరకునట్లు చేసిన ఏర్పాటు ఇతర రాష్ట్రములకు ఆదర్శమయ్యెను. దేశము మొత్తముపై ఆరోగ్యవ్యయమున జనులు స్వయముగా జేబునుండి చెల్లించు వంతు 2013-14లో నూటికి 64.2, 2021-22 నాటికి అది 39.4కు తగ్గెను. తగ్గుట శుభమే, అయినను ఇంకను ఐదింట రెండు వంతులు రోగి జేబునుండియే వచ్చుచున్నవి.

గృహస్థులు విచారింపవలసిన ప్రశ్నలు

దేశమునకు ఏ మార్గము మేలన్నది ఓటు వేయు పౌరులుగా మనము ఆలోచింపదగినది. నా అభిప్రాయమున మూలరక్షణ నివాసముతో ముడిపడియుండవలెను. యజమాని ఇచ్చునది దానిపై అదనముగా నుండవలెను. అయితే దేశము మారువరకు ఇల్లు వేచియుండదు. కనుక ప్రతి తల్లియు తండ్రియు ఈ క్రింది ప్రశ్నలకు సమాధానములు ఒక కాగితముపై వ్రాసి ఉంచుకొనుట మంచిది. పై తరగతుల బిడ్డలచేత వ్రాయించినచో వారికిని లోకజ్ఞానము కలుగును.

1. మన ఇంటిలో ఎవరెవరికి రక్షణ కలదు? సంపాదించువారికి మాత్రమేనా, ఇల్లాలికి, బిడ్డలకు, వృద్ధులకు కూడనా? బిడ్డలకు ఎన్నియేండ్ల వయసువరకు?

2. ఆ రక్షణ దేనితో ముడిపడియున్నది? ఉద్యోగముతోనా, రేషనుకార్డుతోనా, మనము కట్టు ప్రీమియముతోనా?

3. అది ఏనాడు ముగియును? ఇ.ఎస్.ఐ. లో వేతనపరిమితి 2017 జనవరిలో నెలకు 21,000 రూపాయలుగా నిర్ణయింపబడెను. పరిమితి దాటినచో జీతము పెరిగిన సంతోషముతోపాటు కొంతకాలమునకు రక్షణ ముగియును. వేరు ఏర్పాటు అవసరమగును. పని మానినను, అంతకుముందు కట్టిన చందానుబట్టి కొన్ని మాసములు వైద్యము లభించును. ఐదేండ్లకు తక్కువ కాకుండ బీమాలో నుండి, వయసు నిండి పదవీవిరమణ చేసినవారికి, భార్యాభర్తలకు ఏటికి 120 రూపాయల చందాతో వైద్యము కలదు. ఈ సౌకర్యము తెలియక వదలుకొనువారు కలరు.

4. సంస్థ ఇచ్చిన గ్రూపుబీమా యైనచో, ఉద్యోగము వీడునాడు అదే కంపెనీలో స్వంత పాలసీకి మారు అవకాశమును ముందుగానే వ్రాతపూర్వకముగా అడిగితిమా? క్రొత్త పాలసీలో ముందునుండియున్న వ్యాధులకు గరిష్ఠముగా 36 నెలల నిరీక్షణము విధింపవచ్చునని 2024లో నియమము వచ్చెను. రోగము వచ్చిన పిమ్మట పాలసీకై పరుగెత్తుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటవంటిది.

5. మనము నివసించు రాష్ట్రపు పథకమున మన పేరు కలదా? చాలకాలముగా ఒక రాష్ట్రమున స్థిరపడియున్నను, చిరునామా పత్రములు, రేషనుకార్డు పాత ఊరిపేరనే ఉండిపోయినచో పథకము అందకపోవచ్చును. మన భాష తెలుగు కావచ్చును. మన వైద్యహక్కు మాత్రము మనమున్న రాష్ట్రమున నమోదు కావలెను. దరఖాస్తులు రాష్ట్రభాషలో నుండుటచే వెనుదీయు పెద్దలకు, ఆ భాష బడిలో చదువుకొనుచున్న బిడ్డలు సహాయము చేయవచ్చును.

ఈ ఐదు ప్రశ్నలలో ఏ ఒక్కదానికైనను ‘తెలియదు’ అను సమాధానము వచ్చినచో, ఈ వారముననే కార్యాలయమునకో, ఇ.ఎస్.ఐ. శాఖకో, ప్రభుత్వాసుపత్రిలోని సహాయకేంద్రమునకో పోయి తెలిసికొనుడు. ఇంటివారందరు ఆరోగ్యముగా నున్న దినమే ఆ పనికి తగిన దినము.